ఏరని ఇప్పపువ్వు

టప్.

కాసేపాగి మళ్ళీ — టప్.

ఇంకా తెల్లవారలేదు. తూర్పున కాస్త బూడిద రంగు, అంతే. కిష్టారం అడవిలో ఇప్పపువ్వు రాలుతోంది. ఒక్కొక్కటే... తొందర లేకుండా... తడిగా, తీపిగా.

కోడికూతకు లేచేవాళ్ళు వేరే ఊళ్ళలో ఉంటారేమో. ఇక్కడ ఇప్పపువ్వే లేపుతుంది.

ప్రతి చెట్టుకూ ఒక ఇల్లుంది. ప్రతి ఇంటికీ ఒక గంప ఉంది. చెట్టు కింద ఎండుటాకు ముందే కాల్చి, నేల ఊడ్చి సిద్ధంగా ఉంచుకుంటారు. తెల్లవారేసరికి ఆడవాళ్ళూ పిల్లలూ వంగి ఏరుతుంటారు. నడుములు పట్టేస్తాయి. అయినా ఏరుతూనే ఉంటారు. ఏడాది తిండిలో సగం ఆ పువ్వే కదా మరి.

ఒక్క చెట్టు కింద మాత్రం నేల ఎవరూ ఊడ్వలేదు.

ఆ చెట్టు పువ్వు ఎవరూ ఏరరు.

జోగే ఏరనివ్వదు.

జోగే అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. దొర్ల తెగ ఆడమనిషి. నలభై అయిదేళ్ళు ఉంటాయి, ఆమెను అడిగితే మాత్రం ఇరవై అంటుంది, అడిగినవాడి మొహం చూసి నవ్వుతుంది. కాన్పులు చేసేది ఆమే. దారి చూపేదీ ఆమే. బస్తరు సంస్థానం మొత్తానికీ అధికారం తనదే అన్నట్టు మీసం తిప్పే జంగిల్ సిపాయి కూడా, అడవిలో దారి తప్పితే జోగే గుడిసె ముందుకే వచ్చి దగ్గుతాడు.

దగ్గరి దారి జోగేకే తెలుసు. అది ఆమె గొప్ప. ఏ వాగు ఎక్కడ దాటాలో, ఏ గుట్టను ఏ పక్కనుంచి ఎక్కాలో... పొద్దు వృథా చేయదు. నడిచేవాళ్ళ కాళ్ళు వృథా చేయదు.

ఈరోజు మాత్రం దూరం దారిన తీసుకుపోబోతోంది.

కావాలనే.

*

సోమమ్మ చీకటిలోనే వచ్చి నిలబడింది.

తెల్లచీర. చేతిలో గుడ్డమూట. మెడలో జపమాల. కోతపనివాళ్ళ గుడిసెల నుంచి ఒక్కతే నడిచి వచ్చింది.

ఆ గుడిసెలవాళ్ళది ఈ అడవి కాదు. ఎక్కడో కృష్ణ ఒడ్డు. ఏదో పెద్ద యుద్ధం జరుగుతోందట, ఆ యుద్ధానికి రైళ్ళు కావాలట, రైలు పట్టాల కింద పరచడానికి దుంగలు కావాలట. కంట్రాక్టరు వాళ్ళను పడవల మీద శబరి ఎగువకు తెచ్చి, చెట్లు కొట్టే ఈ కూపులో దించాడు. సోమమ్మ మొగుడు భూషణం పెద్దరంపం పట్టే మనిషి. దుంగ మీద ఒకడు, దుంగ కింద ఒకడు. భూషణం కిందివాడు. సాయంత్రానికి రెప్పల దాకా రంపపు పొట్టే.

వాళ్ళు మరియతల్లిని మొక్కేవాళ్ళు. వ్యాకుల మాత పండుగ నాడు, ఏడాదికి ఒకే ఒక్క శుక్రవారం, సిలువల గుట్ట మీదికి గురువుగారు వస్తారు. పూజ చేస్తారు. చనిపోయినవాళ్ళ పేర్లు చెబితే ఆ పూజలో తలుస్తారు.

సోమమ్మకు అక్కడికి పోవాలి. భూషణానికి కూపులో సెలవు దొరకలేదు. కట్టెకోతకు శుక్రవారమూ ఆదివారమూ ఏముంది! అందుకని జోగేను అడిగాడు. ఒక్కరోజు దారి చూపినందుకు సోలెడు ఉప్పు. ఉప్పు ముందే ఇచ్చాడు. ఇచ్చి, పక్కకు పిలిచి, గొంతు తగ్గించాడు.

"అక్కా, ఆ చెట్టు మాత్రం చూపించబాక. చూసిందంటే ఇంక అక్కడే కూచుంటది. దాన్ని లేపడం నావల్ల కాదు."

జోగే తల ఊపింది.

మాట ఇచ్చింది. అందుకే దూరం దారి. దగ్గరి దారి ఆ చెట్టు పక్కనుంచే పోతుంది మరి.

"పోదామా అక్కా?" అంది సోమమ్మ.

"పోదాం చెల్లె. ఏమన్న తిన్నవా?"

"ఇవాళ తినకూడదు. పూజ అయ్యేదాకా నీళ్ళు కూడా ముట్టకూడదు."

"నీళ్ళు గూడనా? ఏంది చెల్లె, మీ తల్లి గంత గట్టిదా!"

సోమమ్మ నవ్వలేదు.

*

దారి చూపేవాళ్ళు ముందు నడవాలి. జోగే ముందు నడిచింది.

వెనక సోమమ్మ అడుగులు. జపమాల పూసలు. పెదవుల మీద ఏదో... ఆగకుండా... గొణుగుడు.

ముందు జోగే కర్ర. టకటక.

ఇద్దరి మధ్యా — మూడో మనిషి. కనిపించనివాడు. రెండు జాములు బతికి పోయినవాడు.

వాడి గురించి ఇద్దరూ ఆలోచిస్తున్నారు. ఇద్దరూ మాట్లాడటం లేదు.

ఊరి పొలిమేరలో ఆకుల కుప్ప ఉంది. ఈ ఊరి నేల దాటి ఆ ఊరి నేల తొక్కేవాళ్ళు ఒక ఆకు తెంపి అక్కడ వేయాలి. అడవితల్లికి చెప్పి పోవడం అన్నమాట. జోగే ఒక కొమ్మ విరిచి వేసింది. సోమమ్మ కాసేపు చూసింది. వేయాలా, వద్దా? వాళ్ళకు జపాలు నేర్పే ఉపదేశి చూస్తే ఏమంటాడో... చుట్టూ చూసింది. ఎవరూ లేరు. గబుక్కున ఒక ఆకు తెంపి, కుప్ప మీద వేసి, నొసటిన సిలువ గుర్తు వేసుకుంది.

పాపం, ఇద్దరమ్మలనూ ఒకేసారి మంచి చేసుకుందామని చూసింది. ఎవరు మాత్రం చూడరు!

వాగు దగ్గర ఆగారు. జోగే కడుపునిండా నీళ్ళు తాగింది. సోమమ్మ ఒడ్డున కూర్చుని నీళ్ళకేసి చూస్తోంది. నాలుకతో పెదవులు తడుపుకుంది. అప్పుడు అడిగింది.

"అక్కా... ఒకటి అడుగుతా. నిజం చెప్తావా?"

జోగే మూతి తుడుచుకుంది. ఈ మాటకే ఎనిమిది నెలలుగా భయపడుతోంది.

"మాలో పసిబిడ్డ తల మీద నీళ్ళు పోసి పేరు పెట్టాలి. అప్పుడే దేవుడి దగ్గరికి దారి. గురువు లేకపోతే, ఆపదలో ఎవరైనా పోయొచ్చు. ఆడదైనా పోయొచ్చు. నాకు ఒళ్ళు తెలిసుంటే నేనే పోసేదాన్ని. నాకు తెలివి లేదు... జ్వరం... నేను చచ్చినదాన్లా పడున్నా." ఆగింది. "నువ్వున్నావుగా అక్కా. వాడి తల మీద ఒక్క చుక్క నీళ్ళైనా పడ్డాయా?"

వాగు పారుతోంది. దాని పని దానిది.

"కడిగిన చెల్లె. పుట్టినోణ్ణి కడగకుంట ఉంటనా?" అంది జోగే.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. సోమమ్మ తల దించుకుంది. జోగే లేచి కర్ర తీసుకుంది.

తనమీద తనకే అసహ్యం వేసింది జోగేకి.

*

అసలు జరిగింది ఇదీ.

శ్రావణం. మూడు రోజులుగా ఒకటే వాన. వాగులు అడ్డం. భూషణం కూపులోనే చిక్కుకుపోయాడు. సోమమ్మకు నెలలు నిండకముందే నొప్పులు. గుడిసెలో జోగే ఒక్కతే.

మగబిడ్డ. ఏడవలేదు. కాళ్ళు పట్టుకుని ఎత్తింది. వీపు చరిచింది. నోట్లో ఊదింది. ఒక్కసారి కీచుమన్నాడు. ఊపిరి వచ్చింది. ఉంటుందో పోతుందో తెలియని ఊపిరి.

జోగే చేతుల్లో వందమంది పుట్టారు. ఎవరు ఉంటారో ఎవరు పోతారో ఆ చేతులకు తెలుసు.

వీడు ఉండడు.

అయినా... వచ్చింది ఎవరో అడక్కుండా ఎలా పంపడం? ఇంట్లో పోయిన ఏ ముసలివాడో, ఏ ముసలమ్మో తిరిగి వస్తేనే కదా బిడ్డ పుట్టేది. ఇంటికి వచ్చిన మనిషిని ఎవరని కూడా అడగకపోతే ఎంత తప్పు! జోగే ఎన్నడూ ఆ తప్పు చేయలేదు.

ఆకుదొన్నెలో నీళ్ళు పోసింది. రెండు బియ్యపు గింజలు తీసింది. ఒక్కొక్క పేరు పలుకుతూ గింజలు నీళ్ళలో వదలాలి. ఏ పేరుకు రెండు గింజలూ కలుస్తాయో, ఆ మనిషే వచ్చినట్టు.

కానీ ఎవరి పేర్లు పలకాలి?

సోమమ్మకు స్పృహ లేదు. భూషణం లేడు. కృష్ణ ఒడ్డున చచ్చిపోయిన ముసలివాళ్ళ పేర్లు జోగేకు ఎవరు చెబుతారు? ఆమెకు తెలిసిన చచ్చిపోయినవాళ్ళంతా ఆమెవాళ్ళే.

ఆమెవాళ్ళ పేర్లే పలికింది.

మామ బుధ్రాం. గింజలు కదల్లేదు.

పెదనాన్న బండి. కదల్లేదు.

నాన్న... కేసా.

రెండు గింజలూ మెల్లగా జరిగి, ఒకదానికొకటి అంటుకున్నాయి.

అయ్యో జోగే, ఎంత పని చేశావే!

ఆ నీళ్ళు బిడ్డ తల మీద పోసింది. "కేసా, నువ్వేనా అయ్యా వచ్చింది?" అని అడిగింది. బిడ్డ కళ్ళు తెరిచాడు. తెరిచినట్టు ఆమెకు అనిపించింది. రెండు జాములు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాన్నను. పరాయి ఆడదాని కొడుకును. పొద్దు వాలేసరికి ఊపిరి ఆగింది.

మడమ మీద మసిబొట్టు పెట్టింది, మళ్ళీ వస్తే గుర్తుపట్టడానికి. వాన వెలిసిన కాసేపటిలో ఇప్పచెట్టు కింద మట్టిలో దాచింది. పళ్ళు రాని బిడ్డను ఇప్పచెట్టు కిందే పెట్టాలి. ఇప్పచెట్టుకు పాలుంటాయి. తల్లి ఇవ్వలేని పాలు చెట్టు ఇస్తుంది.

అప్పటి నుంచి ఆమె నోట ఆ పేరు రాలేదు. పోయిన పసివాడి పేరు, వాడు మళ్ళీ పుట్టేదాకా, పలకకూడదు. పలికితే వెనక్కి తిరిగి చూస్తాడు. దారి తప్పుతాడు.

ఇది ఒక భయం.

ఇంకో భయం ఉంది. అసలు భయం అదే. ఒకామె తొమ్మిది నెలలు మోద్దామనుకుని ఏడు నెలలు మోసిన బిడ్డను, ఆమెకు ఒళ్ళు తెలియని వేళ చూసి, తన వంశంలో కలిపేసుకుంది జోగే. దొంగతనం అంటే మరేమిటి? కోడినో మేకనో ఎత్తుకుపోతే తిరిగి ఇవ్వొచ్చు.

ఈ దొంగిలించింది ఎలా తిరిగి ఇవ్వాలి?

*

గుట్ట వచ్చింది.

పొద్దు రెండు నిలువులు పైకి లేచింది. జనం చాలామందే ఉన్నారు. కూపుల నుంచి, శబరి ఆవలి ఒడ్డు నుంచి, బండ్ల మీద, పడవల మీద వచ్చినవాళ్ళు. గుట్ట అడుగు నుంచి పైదాకా పద్నాలుగు సిలువలు, టేకు కర్రవి. ఆ కర్ర కోసింది భూషణమే. ఆదివారం సాయంత్రాలు ఊరికే కోసిపెట్టాడు.

ప్రతి సిలువ దగ్గరా సోమమ్మ మోకాళ్ళ మీద నిలబడింది. రాళ్ళు. ఎండ. ఖాళీ కడుపు. ఆరో సిలువ దగ్గర తూలింది. జోగే చెయ్యి పట్టుకుంది. వదలమనలేదు సోమమ్మ. పద్నాలుగో సిలువ దాకా ఆ చెయ్యి పట్టుకునే మోకరిల్లింది.

పైన రాతిగూడు. గూట్లో తల్లి.

జోగే మరియతల్లిని అప్పుడే మొదటిసారి చూసింది. ఇంతకుముందు రెండు మూడుసార్లు మనుషుల్ని గుట్ట కింద దాకా తెచ్చి, అక్కడే చెట్టు నీడన చుట్ట కాలుస్తూ కూర్చుంది. ఈ తల్లి ఎలా ఉంటుందో తెలియదు. పట్టుచీర, నగలు, నవ్వు... ఏదో అలా అనుకుంది.

కాదు.

ఈ తల్లి ఒళ్ళో కొడుకు. గడ్డం వచ్చిన కొడుకు. చచ్చిపోయిన కొడుకు. కాళ్ళు అటు, చేతులు ఇటు, ఒళ్ళో పట్టనంత కొడుకు. తల్లి వాడి మొహంలోకే చూస్తోంది.

జోగే ఒక అడుగు ముందుకు వేసింది. "గీమెకు గూడ బిడ్డ పోయిండా!" అంది పైకే.

"పోయాడు," అంది సోమమ్మ.

"పేరేంది?"

సోమమ్మ చెప్పింది. పక్కనున్న ముసలమ్మ కూడా అదే పేరు చెప్పింది. వెనక ఇంకెవరో కూడా. ఆ గుట్ట మీద ఉన్నవాళ్ళందరికీ ఆ తల్లి కొడుకు పేరు తెలుసు.



*

పూజకు ముందు పేర్లు చెప్పుకోవాలి.

ఉపదేశి అప్పయ్య ఒక బండ మీద కూర్చుని కాగితం మీద రాసుకుంటున్నాడు. ఆయన పక్కనే ఎర్రగడ్డం తెల్ల గురువు, తెల్లటి నిలువుటంగీలో, చెమటలు కక్కుతూ. జనం వరుసగా వచ్చి తమ పోయినవాళ్ళ పేర్లు చెబుతున్నారు. కొందరు ఏడుస్తూ, కొందరు హడావుడిగా. ఒకాయన ఏడు పేర్లు గడగడా చదివి, ఎనిమిదోది గుర్తురాక తల బాదుకుని పక్కకు జరిగాడు.

సోమమ్మ వంతు వచ్చింది.

"చెప్పమ్మా."

"మా బాబు అయ్యా."

"పేరు?"

గాలి లేదు. కొవ్వొత్తులు కదలకుండా కాలుతున్నాయి.

"పేరు... లేదు అయ్యా. పుట్టిన రోజే..."

అప్పయ్య చెడ్డవాడు కాదు. కలం ఎత్తి పట్టుకుని ఆగాడు. "జ్ఞానస్నానం అయిందా తల్లీ?"

"తెలీదు అయ్యా. నాకు తెలివి లేదు."

"పేరు లేకుండా ఏమని రాయను? ఏమని తలుస్తారు?" అప్పయ్య గురువుకేసి చూశాడు. గురువు నేలకేసి చూశాడు. "కాస్త పక్కన నిలబడు తల్లీ. వెనక జనం ఉన్నారు."

సోమమ్మ పక్కకు జరగలేదు. ఏడవలేదు. గుడ్డమూట విప్పింది. లోపల చిన్న చొక్కా. కడుపుతో ఉన్నప్పుడు తన పాతచీర చింపి కుట్టింది. అరచేయంత చొక్కా. దాన్ని రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడింది. చొక్కా ఉంది. తొడుక్కునేవాడు లేడు. వాడిని పిలుద్దామంటే పేరైనా లేదు.



జోగే ఆ చొక్కాకేసి చూసింది. ఉప్పు తీసుకుని, మాట ఇచ్చి, దూరం దారిన తిప్పి, ఇంత దూరం తెచ్చింది దీనికా? దారి చూపే మనిషిని అని చెప్పుకుంటావు కదే జోగే... ఇదేనా దారి?

నోరు తెరిచింది.

చెబితే — వాడు దారి తప్పుతాడేమో.

చెప్పకపోతే — ఈ తల్లి తప్పుతుంది.

"ఉన్నది!" అంది. గట్టిగా అంది. అందరూ తిరిగి చూశారు. "పేరున్నది. కేసా. వాని పేరు కేసా. నేనే పెట్టిన."

సోమమ్మ మెల్లగా తల తిప్పింది.

గురువు లేచాడు. ఆయన తెలుగు పుస్తకంలోంచి తీసినట్టు ఉంటుంది. "అమ్మా, నీవు శిశువు తలపై నీళ్ళు పోసితివా?"

"పోసిన."

"పోయునప్పుడు ఏ మాటలు పలికితివి?"

జోగేకు అబద్ధం చెప్పాలనిపించింది. వాళ్ళ మాటలు ఏవో రెండు పలికానంటే పోయేది. ఒళ్ళో కొడుకును పెట్టుకున్న ఆ తల్లికేసి చూసింది. అబద్ధం నోట రాలేదు.

"నువ్వేనా అయ్యా వచ్చింది, అని అడిగిన."

 అప్పయ్య కలం గాల్లోనే ఉంది. గురువు చాలాసేపు ఆ చిన్న చొక్కాకేసి చూశాడు. అవునని అనలేదు. కాదని అనలేదు. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. ఎండకో, మరి దేనికో.

"వ్రాయుము," అన్నాడు అప్పయ్యతో. అని, గబగబా పూజపీఠం వైపు వెళ్ళిపోయాడు.

పూజ జరిగింది. ఎవరికీ అర్థం కాని భాషలో. చనిపోయినవాళ్ళను తలిచే చోట గురువు గొంతు పూర్తిగా తగ్గిపోయింది. పెదవులు మాత్రం కదిలాయి. అది ఆ పూజ పద్ధతి. కాగితం ఆయన ముందు ఉంది. ఏ పేర్లు పలికాడో, ఏ పేరు దగ్గర ఆగాడో... ఆ పెదవులకే తెలుసు.

సోమమ్మ రెప్ప వేయకుండా ఆ పెదవులే చూసింది.

జోగే కూడా చూసింది.

*

తిరుగుదారి.

సోమమ్మ ఇప్పుడు నీళ్ళు తాగింది. రొట్టెముక్క తింది.  చొక్కా తల్లి పాదాల దగ్గర పెడదామని తెచ్చుకుంది. పెట్టలేదు. మళ్ళీ మూటలో కట్టుకుంది.

ఆమె ముందు నడుస్తోంది. దారి చూపే మనిషి వెనక నడుస్తోంది. జోగే జన్మలో ఎవరి వెనకా నడవలేదు.

తిట్టినా బాగుండు. కొట్టినా బాగుండు.

దారి రెండుగా చీలే చోట సోమమ్మ ఆగింది. వెనక్కి తిరగలేదు.

"పొద్దున మనం చుట్టూ తిరిగి వచ్చాం కదక్కా?"

"...ఊఁ."

"దగ్గరి దారి ఏది?"

జోగే అక్కడే దారిలో కూలబడింది. చెప్పేసింది, అంతా. గింజలు, దొన్నె, వాన, పేరు పలికితే వాడు దారి తప్పుతాడన్న భయం. "మీ వాళ్ళ పేర్లు నాకు తెల్వయి చెల్లె. మా వాళ్ళ పేర్లే చెప్పిన. కేసా మా నాయిన. నీ కొడుకును మా ఇంట్ల కలుపుకున్న. తప్పు చేసిన. నీ కాళ్ళు పట్టుకుంట."

సోమమ్మ ఆమె ఎదురుగా కూర్చుంది. చాలాసేపు ఆమె మొహంలోకి చూసింది. గూట్లో తల్లి చూసినట్టే చూసింది.

అప్పుడు అడిగింది.

"మీ నాన్న మంచోడా అక్కా?"

జోగే ఇది అనుకోలేదు. "మంచోడే," అంది, ముక్కు చీదుతూ. "చుట్ట మస్తు తాగేటోడు."

"కోపం?"

"అబ్బో! కోపం వస్తె కుండలు పగలగొట్టేటోడు. మళ్ల ఆయనే పోయి తెచ్చేటోడు."

  "అచ్చం మా ఆయనే," అంది సోమమ్మ. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఏడ్చారు. ఎనిమిది నెలల ఏడుపు. ఒకరి భుజం మీద ఒకరు పడి, దారి మధ్య, ఎవరైనా చూస్తారన్న సిగ్గు కూడా లేకుండా.

"వాణ్ణి చూపించక్కా," అంది సోమమ్మ.

భూషణానికి ఇచ్చిన మాట గుర్తొచ్చింది జోగేకు. ఉప్పు కూడా గుర్తొచ్చింది. సగం వాడేసింది కూడా. సరే, ఏం చేస్తాం. మిగిలింది తిరిగి ఇచ్చేద్దాం. నాలుగు తిట్లు తిందాం.

కర్ర తీసుకుంది. ముందు నడిచింది.

దగ్గరి దారి.

*

పొద్దు వాలుతోంది. చెట్టు కింద నేల కనిపించడం లేదు. పాత పువ్వు ఎండి గోధుమరంగు తిరిగింది. దాని మీద నిన్నటిది. దాని మీద ఇవాళ తెల్లవారుజామున రాలింది. పొరలు పొరలుగా... మెత్తగా... అడవంతా వాసన.

"ఇక్కడి పువ్వు ఎవరూ ఏరలేదేం?"

"ఎట్ల ఏరుతరు చెల్లె? అవి వాని పాలు."

సోమమ్మ ఉన్నచోటే కూలబడింది.

వాడు పోయాక పది రోజులు ఆమెకు పాలు ఆగలేదు. గుడిసె వెనక్కి పోయి, పళ్ళు బిగించి, మట్టిలోకి పిండేది. తాగేవాడు లేని పాలు. ఆ పది రోజుల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. భూషణానికి కూడా చెప్పలేదు. ఇన్నాళ్ళూ వాడు ఆకలితో ఉన్నాడని అనుకుంది. ఎక్కడో చీకట్లో, పేరు లేకుండా, ఆకలితో.

ఇంత పువ్వు.

రెండు అరచేతులూ ఆ పువ్వు మీద ఆనించింది. పిలుద్దామని నోరు తెరిచింది. రాలేదు. కొడుకును పేరు పెట్టి పిలవడం ఆమెకు అలవాటు లేదు.

"కే..." అంది.

ఆగింది.

"పిలవొచ్చా అక్కా? దారి తప్పుతాడన్నావుగా?"

జోగే ఆ పువ్వుకేసి చూసింది. పొద్దున గుట్ట మీద అంతమందిలో అరిచింది తనే. వాడు తప్పితే ఆ పాటికే తప్పి ఉంటాడు. తప్పకపోతే... మసిబొట్టు మడమతో ఎవరింటికి వస్తాడు? కృష్ణ ఒడ్డు కడుపుకా, కిష్టారం కడుపుకా? గురువు పెదవులు ఆ పేరు పలికాయా? పోసిన నీళ్ళు సరైన నీళ్ళేనా? ఇన్ని దారులు తెలిసిన జోగేకు ఆ దారి తెలియదు.

"నీ కొడుకు. నువ్వు పిలువు," అంది.

సోమమ్మ మూట విప్పింది. అరచేయంత చొక్కాను పువ్వు మీద పరిచింది. చేతులు రెండూ సరిచేసింది. మడత తీసింది.

వంగి, నేలకు నోరు దగ్గరగా పెట్టి, మెల్లగా పిలిచింది.

"కేసా..."

అడవి ఊరుకుంది.

ఇప్పపువ్వు రాలేది తెల్లవారుజామున. సాయంత్రం రాలదు. అది జోగేకు తెలుసు, ఊరందరికీ తెలుసు. దూరంగా కూపులో పని ముగిసినట్టుంది, రంపం చప్పుడు ఆగింది. భూషణం ఇంటికి వస్తూ ఉంటాడు. పొద్దుగూకేలోగా సోమమ్మను ఇల్లు చేర్చాలి.

"లేద్దామా చెల్లె?"

సోమమ్మ లేవలేదు.

జోగే కూడా పక్కనే కూర్చుంది. ఇద్దరూ చెవులు రిక్కించి, ఆ చొక్కాకేసి చూస్తూ...

టప్.